ఓజెల్ మావయ్య ఎడమచెయ్యి

మా అమ్మ తమ్ముడు ఓజెల్ విట్‌మైర్ ఎవరింట్లోనైనా వెనక్కి ఆనుకుని కూర్చోగా నేను చూడలేదు. వచ్చేవాడు, తలుపు పక్క కుర్చీ అంచున కూర్చునేవాడు, టోపీ మోకాలి మీద పెట్టుకునేవాడు. ఆ మోకాలు ఊగుతూనే ఉండేది, దాంతోపాటు టోపీ. అమ్మ వేడిగా మొక్కజొన్న రొట్టె, బొబ్బర్ల కూర ముందు పెడితే సగం తిని, "అక్కా, సరుకుల రైలు ఎన్నింటికి పోతుంది?" అని అడిగేవాడు.

"వచ్చి గంట కాలేదు. నీ అరికాళ్ల కింద ఎవరైనా నిప్పులు పోశారట్రా?" అని అమ్మ కసిరేది. చివరికి ఆ మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి చేతిలో పెట్టేది.

వాళ్లు పుట్టింది టెక్సస్‌లో, మార్షల్ ఊరి చివర, రైలు పట్టాల పక్కన. ఇంటి గోడకీ పట్టాలకీ మధ్య ఒక కోళ్లగూడు పట్టేంత చోటు ఉండేదట. మా తాత పట్టాల కింద దుంగలు పరిచే పనిచేసేవాడు. రైల్వే సమ్మె జరిగినప్పుడు బళ్లన్నీ ఆగిపోతే ఊరంతా హాయిగా నిద్రపోయిందట, ఉయ్యాల్లో ఉన్న మావయ్య మాత్రం రాత్రంతా గుక్కపట్టి ఏడ్చాడట. సమ్మె ముగిసి మొదటి ఇంజను కూత వేశాక నోరు మూశాడని అమ్మ నవ్వుతూ చెప్పేది.

పంతొమ్మిదేళ్లకి మావయ్య కలప నరికే క్యాంపులో చేరాడు. సబీన్ నదికి అవతల, పైన్ అడవుల్లో. ఆ క్యాంపులు ఒకచోట ఉండేవి కావు. చుట్టుపక్కల చెట్లు అయిపోతే గుడిసెలు, వంటపాత్రలు, కుక్కలు, మనుషులు అన్నిటినీ రైలుకెక్కించి ఇంకో నాలుగు మైళ్లు లోపలికి పట్టుకుపోయేవారు. సారా అమ్మే కొట్టం కూడా అలాగే కదిలేది. అందులో ఒక పియానో ఉండేది. దాన్ని గోడల్లేని రైలుపెట్టె మీద తాళ్లతో కట్టి, వానలోనూ ఎండలోనూ లాక్కుపోయేవారు.

ఆ పియానో వాయించేది టెన్సీ క్రూక్స్ అనే ఆవిడ. వారమంతా క్యాంపు బట్టలుతికి, శనివారం మధ్యాహ్నం చేతులు తుడుచుకుని పియానో ముందు కూర్చునేది. కుడిచెయ్యి ఎటు తిరిగినా ఎడమచెయ్యి మాత్రం పియానో కింది స్వరాల మెట్ల మీద ఆపకుండా నడుస్తూనే ఉండేది, చెక్క చక్రాల బండి వంతెన మీద పోతున్నట్టు. జనం తాగేది తాగుతూ ఆ ఎడమచేతికే గెంతేవారు. తర్వాత్తర్వాత పెద్ద ఊళ్లలో దానికి బూగీ అని పేరు పెట్టారు. అప్పట్లో మా వాళ్లలో దానికి పేరే లేదు. "ఆ రైలు పాట వెయ్యవే టెన్సీ" అనేవారు, అంతే.

మావయ్య ఆవిడ ఎడమ భుజం పక్కన నిలబడి చూసేవాడు. "నేర్పు పిన్నీ" అంటే, "చూసి నేర్చుకో. నా చేతులు నీకు అరువియ్యను" అనేదట. అలా నిలబడి నేర్చుకున్నవాడు నిలబడే వాయించాడు. స్టూలు వేస్తే కాలితో పక్కకి తోసేసేవాడు. "కూర్చుంటే ఎవరో భుజాలు పట్టి అదిమినట్టుంటుంది, వెర్నడీన్" అని ఒకసారి నాతో అన్నాడు.

అక్కణ్ణుంచి మొదలైంది ఆయన తిరుగుడు. టెక్సస్‌లోనూ లూసియానాలోనూ సామిల్లు ఉన్న ప్రతిచోటా ఆయన ఒక్క శనివారమైనా వాయించి ఉంటాడు. రెండో శనివారం వాయించిన చోట్లు మాత్రం చాలా తక్కువ. ఒకసారి రికార్డుల కంపెనీవాళ్లు డాలస్‌లో ఒక హోటల్లో గదులు తీసుకుని మా నల్లవాళ్ల పాటలు రికార్డుల మీదకి ఎక్కిస్తున్నారని తెలిసి వెళ్లాడు. వెనక మెట్ల దారిలో రమ్మని, వసారాలో బెంచీ మీద కూర్చోమన్నారు. తన ముందు ఇంకో ముగ్గురు. మధ్యాహ్నం దాకా కూర్చుని, లేచి, తిరిగి, మళ్లీ కూర్చుని, చివరికి కిటికీలోంచి స్టేషన్ వైపు పొగ కనిపించేసరికి దిగి వెళ్లిపోయాడు. "నీ తర్వాతి వాడి పాట దేశమంతా తిరిగిందట్రా" అని అమ్మ ఎంత నెత్తి కొట్టుకున్నా, "నేనూ తిరిగానుగా" అనేవాడు.

తర్వాత రోజులు మారాయి. అడవులు అయిపోయాయి, మిల్లులు మూసేశారు. మావయ్య పోర్ట్ ఆర్థర్ రేవులో మూటలు మోశాడు. అక్కడ ఐడెల్ అని ఒక మంచి మనిషిని పెళ్లి చేసుకున్నాడు. యుద్ధకాలంలో ఓడలు కట్టే పని దొరికిందని ఐడెల్ కాలిఫోర్నియా వెళ్తూ, "నువ్వొస్తావా?" అని అడిగింది. "వెనకాలే వస్తా" అని గాల్వెస్టన్ బస్సెక్కాడు. ఆమె ఓక్లాండ్‌లోనే ఉండిపోయింది. ఎవరూ విడాకులు అడగలేదు.

నేను చెప్పదలుచుకున్నది పంతొమ్మిది వందల యాభై అయిదో సంవత్సరం సంగతి. అప్పటికి అమ్మ పోయింది. నేను ష్రీవ్‌పోర్ట్‌లో ఆడవాళ్ల జుట్టు సాపు చేసే కొట్టు పెట్టుకున్నాను. ఒక శనివారం ఉదయం, కొట్టంతా కాల్చిన దువ్వెన వాసన, కొబ్బరినూనె వాసన, నాలుగు కుర్చీలూ నిండి ఉన్నాయి. అట్టపెట్టె చంకలో పెట్టుకుని మావయ్య వచ్చి తలుపు పక్కన అలవాటుగా కూర్చున్నాడు. యాభై దాటినవాడు, జుట్టు నెరిసింది, మోకాలు మాత్రం అలాగే ఊగుతోంది.

రేడియోలో కొత్త పాట ఏదో మొదలైంది. లేక్ చార్ల్స్ ఊరి కుర్రాడు జూనియస్ ప్రెజాన్ రికార్డు అన్నారు. అప్పుడు పిల్లలందరికీ పిచ్చెక్కిస్తున్న రాక్ అండ్ రోల్ పాట, డ్రమ్ములు, శాక్సొఫోను, అరుపులు. కింద పియానో.

మావయ్య మోకాలు టక్కున ఆగిపోయింది. అది ఆగడం నేను అదే మొదటిసారి చూడటం. భయమేసింది.

"ఆ చెయ్యి నాది" అన్నాడు.

"ఏ చెయ్యి?"

"ఆ ఎడమచెయ్యి. కింద నడుస్తోందే, అది. విను. అదిగో, అక్కడొక ఖాళీ. మళ్లీ అదిగో, ఇంకోటి. అది నా నడక, వెర్నడీన్. ఇంకెవడూ అలా వాయించడు."

నా కుర్చీలో ఆర్నెటా ఉంది. సగం తల సాపై, సగం తల నిక్కబొడుచుకుని ఉంది. నోటికి మాత్రం ఎప్పుడూ తాళం ఉండదు. "చూసుకో నాయనా, రెండు చేతులూ ఒంటికే ఉన్నాయిగా? రేడియోలోకి ఒకటి ఎప్పుడు జారిపోయింది?" అంది. కొట్టంతా ఘొల్లుమంది.

మావయ్య నవ్వలేదు. "కారు తియ్యి" అన్నాడు నాతో.

"నాలుగు తలలున్నాయి మావయ్యా. సోమవారం కొట్టు సెలవు. అప్పుడు వెళ్దాం."

ఆ రెండు రోజులూ ఆయన మా వీధి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆదివారం చర్చినుంచి వస్తుంటే పక్కింటావిడ అడిగింది, "మీ మావయ్య ఏమన్నా పారేసుకున్నాడా?" అని.

సోమవారం పొద్దున్నే నా పాత షెవ్రొలేలో బయల్దేరాం. చెప్పుల అట్టపెట్టెలో వేయించిన కోడి, ఉడికించిన గుడ్లు పెట్టుకున్నాను, వెనక డిక్కీలో నీళ్ల డబ్బా. ఏ పెట్రోలు బంకులో మావాళ్లని దిగనిస్తారో, ఎక్కడ ఆగకుండా పోవాలో ఆ దారిలో నాకు కంఠతా వచ్చు. మావయ్య దారి పొడుగునా డాష్‌బోర్డు మీద ఎడమచేతి వేళ్లతో తట్టుతూనే ఉన్నాడు. "ఆపు మావయ్యా, బండి అసలే పాతది" అన్నాను. కాసేపు ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి లేక్ చార్ల్స్ చేరాం. జూనియస్ తన జట్టుతో ఒక డాన్సు హాల్లో సాధన చేసుకుంటున్నాడని చెప్పారు. లోపల కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి, ఒకామె నేల తుడుస్తోంది. జూనియస్‌కి పాతికేళ్లుంటాయి. నున్నగా దువ్విన జుట్టు, పసుపు చొక్కా. పియానో ముందు నిలబడి వాయిస్తున్నాడు. స్టూలు అల్లంత దూరాన పడి ఉంది.

మావయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. నేనే వెనకనుంచి నెట్టాల్సి వచ్చింది.

"హాలు సాయంత్రం తెరుస్తాం, పెద్దాయనా" అన్నాడు జూనియస్ వాయిస్తూనే.

"నేను డాన్సుకి రాలేదు. నీ రికార్డులో ఎడమచేతి నడక ఉందే, అది ఎక్కడిది నీకు?"

"ఓ, అదా. మా సవతి నాన్న దగ్గర నేర్చుకున్నా. డిరిడర్ దగ్గర సామిల్లులో పనిచేసేవాడు."

"ఆయనకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. ఒక శనివారం ఎవడో వచ్చాడట, గళ్ల కోటు వేసుకుని. స్టూలు వేస్తే కాలితో ఒక్క తోపు తోసి, నిలబడే వాయించాడట. నాలుగు పాటలయ్యాక, నీళ్లు తాగొస్తానని బయటికెళ్లి కలప రైలెక్కేశాడట! నాన్న చచ్చేదాకా ఆ కథే చెప్పేవాడు. నాలుగు పాటలూ వేళ్లమీదే పట్టేశాడు. అందుకే నేనూ నిలబడే వాయిస్తా. ఆ పద్ధతి అలాగే వాయించాలి కదా."

"ఆ గళ్ల కోటు మా అమ్మ కొనిచ్చింది" అన్నాను నేను.

జూనియస్ చేతులు ఆగిపోయాయి. మావయ్య టోపీ తీసి రెండు చేతుల్లో తిప్పుతున్నాడు.

"నీళ్లు నిజంగానే తాగుదామనుకున్నానబ్బాయ్" అన్నాడు మెల్లగా. "ఇంతలో రైలు కదిలింది."

ఆ తర్వాత ఇద్దరూ ఒకే పియానో ముందు నిలబడ్డారు. మావయ్య కింది మెట్ల మీద, జూనియస్ పై మెట్ల మీద. నేల తుడిచే ఆమె గుడ్డ పక్కన పెట్టి అక్కడికక్కడే చిందులేసింది. డ్రమ్ములబ్బాయి, శాక్సొఫోనబ్బాయి పరిగెత్తుకొచ్చారు. జూనియస్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "శుక్రవారం దాకా ఉండండి పెద్దాయనా. జనం ముందు మీ పేరు చెప్పి నిలబెడతా. మా నాన్న ఉంటే ఎంత సంబరపడేవాడో" అన్నాడు.

మావయ్య అప్పటికే తలుపు వైపు చూస్తున్నాడు. "ఇప్పుడే వస్తా, నీళ్లు..." అన్నాడు.

"మళ్లీనా!" అన్నాడు జూనియస్. అందరూ నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు గాని, కారెక్కి కూర్చున్నాక మోకాలు ముందుకన్నా ఎక్కువ ఊగింది.

"ఇంకేం కావాలి మావయ్యా? నీదేనని తేలిపోయిందిగా. మనసు కుదుటపడలేదా?"

"లేదు."

"ఎందుకు?"

"వాడు వాళ్ల నాన్న దగ్గర తీసుకున్నాడు. వాళ్ల నాన్న నా దగ్గర తీసుకున్నాడు. బాగానే ఉంది. నేను టెన్సీ పిన్ని దగ్గర తీసుకున్నాను కదే. నా పేరు జనం ముందు చెప్తానంటుంటే, ఆవిడ నా పక్కనే నిలబడి చేతులు తుడుచుకుంటున్నట్టు అనిపించింది."

"ఆవిడ బతికుందా?"

"ఎవరికి తెలుసు?"

కూడలి దగ్గర బండి ఆపాను. "ఇంటికి పోవాలంటే ఎడమవైపు" అన్నాను.

"టెక్సస్ కుడివైపు" అన్నాడు.

సబీన్ వంతెన దాటి, పాత క్యాంపులకి దగ్గరి ఊరు కర్బీవిల్ చేరేసరికి ఎండ తగ్గింది. మావాళ్లకి క్షవరం చేసే కొట్లో అడిగితే, "టెన్సీ మామ్మా? బతికుందా ఏంటి, ఊరినంతా బతకనియ్యట్లేదు" అని దారి చూపించాడు మంగలి. చర్చి వెనక చిన్న ఇల్లు. అరుగు మీద కూర్చుని బొబ్బరికాయలు ఒలుస్తోంది. ఎనభైకి దగ్గర పడి ఉంటుంది, ఒక కన్ను తెల్లగా పూత పట్టింది. మేం గేటు దగ్గర ఉండగానే రెండో కంటితో చూసి అరిచింది.

"ఆ మోకాలు చూస్తేనే తెలిసిపోయింది! ఒరే ఓజెల్, ఇంకా ఊగుతూనే ఉన్నావా?"

మావయ్య ఆవిడ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. జరిగిందంతా గబగబా చెప్పాడు. రేడియో, లేక్ చార్ల్స్ కుర్రాడు, డిరిడర్, అంతా. "పిన్నీ, దేశమంతా ఇప్పుడు నీ పాటకే గెంతుతోంది. చెప్దామని వచ్చా" అన్నాడు.

ఆవిడ కాయలు ఒలవడం ఆపలేదు. "ఏదీ, వినిపించు" అంది.

ఆవిడింట్లో పియానో లేదు. చర్చిలో ఉంది. తాళంచెవి పాస్టరుగారి భార్య దగ్గర ఉంది. సంగతి విని ఆవిడ మొహం ముడుచుకుంది. "సారా కొట్టం పాటలు దేవుడి ఇంట్లోనా? పాస్టరుగారు ఊళ్లో లేరని..."

"అమ్మాయ్" అంది టెన్సీ, "ఆదివారం నువ్వు చేతులెత్తి పాడతావే, దాని కింద నేను వాయించేది ఇదే. నిదానంగా వాయిస్తా గనక నీకు పోల్చుకోవడం రాలేదు. తలుపు తియ్యి."

తలుపు తీసింది. తీసి, వెళ్లకుండా వెనక బెంచీలో తనూ కూర్చుంది.

మావయ్య నిలబడి వాయించాడు. ఆ ఖాళీ చర్చిలో కిటికీ అద్దాలు గలగలలాడాయి. పాస్టరుగారి భార్య కాలు ఆవిడ అనుమతి లేకుండానే నేలని తట్టడం నేను చూశాను. పాట అయ్యాక మావయ్య తిరిగి చూశాడు, పంతొమ్మిదేళ్ల కుర్రాడు మెప్పుకోసం చూసినట్టు.

"తప్పు" అంది టెన్సీ.

"ఏది పిన్నీ?"

"అంతా. నేనెప్పుడూ అలా వాయించలేదు. ఆ ఖాళీలేంటి? పళ్లూడిన దువ్వెనలాగా!"

"నువ్వు వాయించినట్టే..."

"లే అవతలికి." ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. వేళ్లు వంకర్లు తిరిగిపోయి ఉన్నాయి. అయినా ఎడమచెయ్యి పెట్టేసరికి కింది మెట్ల మీద నడక మొదలైంది, నిండుగా, ఎక్కడా సందు లేకుండా, ఒక్క అడుగు తప్పకుండా. మావయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఆవిడ వాయిస్తూనే చెప్పింది. "క్యాంపు పియానో గుర్తుందా? వానలో లాక్కొచ్చి లాక్కొచ్చి దాని ఒళ్లు హూనం చేశారు. లోపల ఉన్నిగుడ్డ ఎలకలు తిన్నాయి. కింది మెట్లు రెండు చచ్చిపోయాయి. నొక్కితే టక్కుమనేవి, పలికేవి కావు. అయినా నేను నొక్కేదాన్నే, నా చేతికి అలవాటు. నువ్వు చెవితో నేర్చుకున్నావు. పలకని చోట వాయించకూడదనుకున్నావు. పిచ్చి సన్నాసీ!"

నేను పగలబడి నవ్వాను, ఆపుకోలేకపోయాను. మావయ్య మొహం చూసి నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన వెళ్లి చర్చి గుమ్మంలో నిలబడి, చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. వెళ్లిపోతాడనే అనుకున్నాను. తిరిగొచ్చి, "పిన్నీ, అయితే మళ్లీ నేర్పు" అన్నాడు.

"చూసి నేర్చుకో" అంది ఆవిడ.

నాకు మర్నాడు కొట్టు తెరవాలి. నేను వచ్చేశాను. మావయ్య అక్కడే ఉండిపోయాడు. ఆవిడకి కట్టెలు కొట్టిపెడుతూ, కంచె బాగుచేస్తూ, పాస్టరుగారు లేని పూటల్లో పియానో ముందు తిట్లు తింటూ వేసవి సగం గడిపాడట. ఒక పొద్దున కంచె చివరి మేకు కొట్టి, సుత్తి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడట.

చలికాలం మొదట్లో జూనియస్ నా కొట్టుకి వచ్చాడు, పెద్దాయన ఎక్కడున్నాడని. "తెలిస్తే నాకూ చెప్పు" అన్నాను. చచ్చిపోయిన మెట్ల కథ చెప్పాను. అబ్బాయి నవ్వలేదు, చాలా గంభీరంగా విన్నాడు. నెల తర్వాత మళ్లీ ఆ దారిన పోతూ ఆగాడు.

"ఖాళీలు నింపి వాయించి చూశానక్కా, అసలుది ఎలా ఉందో అలాగే. జనం నిలబడిపోయారు."

"మెచ్చుకునా?"

"కాదు! కాలు ఎక్కడ వెయ్యాలో తెలియక. ఆ ఖాళీలోనే కదా వాళ్లు అడుగేసేది. రెండు పాటల తర్వాత ఒకడు సీసా విసిరాడు. మళ్లీ పాతదే మొదలెట్టా."

క్రిస్మస్ ముందు మావయ్య వచ్చాడు. ఈసారి రొట్టె మొత్తం తిన్నాడు. జూనియస్ మాట చెప్పగానే చేతిలో చెంచా పడేసి నవ్వాడు. దగ్గు వచ్చేదాకా, కన్నీళ్లు కారేదాకా నవ్వాడు. "అయితే ఎలకల పాట అన్నమాట! వాన పాట! పిన్నిదీ కాదు, నాదీ కాదు!" అన్నాడు. అంత తేలిగ్గా ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. ఆ తేలికతో ఒకచోట ఉంటాడేమో అని నాకు ఆశ కలిగింది. "ఇక్కడే ఉండిపో మావయ్యా, వెనక గది ఖాళీగానే ఉంది" అన్నాను.

"ఉంటా" అన్నాడు. రెండో రోజు పొద్దున గది చూస్తే పక్క చక్కగా పరిచి ఉంది.

ఈసారి మాత్రం గాల్వెస్టన్ పోలేదు. బస్సులు మారుతూ, మధ్యలో గిన్నెలు కడుగుతూ, ఎడారి దాటి ఓక్లాండ్ చేరాడు. చేరేసరికి వసంతం వచ్చింది. ఐడెల్ తలుపు తీసి, "వెనకాలే వస్తానన్నావు, దారిలో ఏమైనా అడ్డం వచ్చిందా?" అని అడిగిందట. ఈయన టోపీ తీసి, "రైళ్లు" అన్నాడట. ఆమె పక్కకి జరిగి దారిచ్చింది.

ఓడల కార్ఖానా దగ్గర ఒక భోజనశాలలో మధ్యాహ్నం వేళ వాయించేవాడు. టెక్సస్ నుంచి, లూసియానా నుంచి వలసపోయిన మావాళ్లే అక్కడ తినేది. కొన్నాళ్లు టెన్సీ నడక వాయించేవాడట, నిండుగా. కొన్నాళ్లు తనది.

మరుసటేడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఐడెల్ ఫోన్ చేసింది. పొద్దున నిద్రలోనే పోయాడని చెప్పింది.  

"ఏడాది దాటింది తెలుసా, నా దగ్గర ఉండబట్టి" అంది. "పెళ్లయిన కొత్తలో కూడా అంతకాలం లేడు. రోజూ పొద్దున్నే గేటు చప్పుడయ్యేది. వెళ్లిపోయాడనుకునేదాన్ని. రోజూ అనుకునేదాన్నే. కాఫీకి నాకొక్కదానికే నీళ్లు పెట్టుకునేదాన్ని. కాసేపటికి వీధంతా తిరిగొచ్చేవాడు. మళ్లీ పెట్టేదాన్ని."

"ఇవాళ?"

"ఇవాళ గేటు చప్పుడు కాలేదు, వెర్నడీన్. ఇద్దరికీ ఒకేసారి పెట్టేశాను."